రేపు పోయే మనిషికి పనికొచ్చేలా: ప్రయాణ అనుభవాల వెబ్‌సైట్ ఎట్లా కట్టాలి

(కడపలో ఇంజినీరింగ్ విద్యార్థులతో మాట్లాడిన మాటలకు రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

మీ ఫోన్లో గండికోట అని కొట్టి చూడండి. పెన్నా లోయ ఫోటోలు కుప్పలుగా వస్తాయి, డ్రోన్ వీడియోలు వస్తాయి. బాగుంటాయి, నేనూ చూస్తాను. ఇప్పుడు ఇంకో పని చెయ్యండి. రేపు పొద్దున కడపలో బస్సెక్కి జమ్మలమడుగు పోయి, గండికోట చూసుకుని, రాత్రికి ఇల్లు చేరాలనుకునే మామూలు మనిషికి ఏం కావాలో అది వెతకండి. జమ్మలమడుగులో దిగాక మిగతా పదిహేను కిలోమీటర్లు ఎట్లా పోవాలి, తిరిగి రావడానికి చివరి బండి ఎన్నింటికి, లోపల తాగే నీళ్ళు దొరుకుతాయా, అమ్మమ్మను తీసుకుపోతే మాధవరాయస్వామి గుడి దాకా నడవగలదా, లోయ అంచున చిన్నపిల్లలతో నిలబడొచ్చా, వాన పడితే ఆ బండలు జారుతాయా. వీటికి జవాబులు దొరకడం కష్టం. ఒకటీ అరా దొరికినా అది ఎవరు ఎప్పుడు రాశారో తెలీదు, నిరుడు రాసిందా, ఐదేళ్ళ కింద రాసిందా అన్నది అంతకంటే తెలీదు.

మీలో కొందరు ఫైనలియర్ ప్రాజెక్టుగా ట్రావెల్ వెబ్‌సైట్ చేద్దామనుకుంటున్నారని విన్నాను. చాలా సంతోషం. నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. పోయొచ్చిన మనిషి గొప్పగా కనబడడానికి సైటు కట్టొద్దు, రేపు పోయే మనిషి కోసం కట్టండి. ఈ ఒక్కటి తేల్చుకుంటే డేటాబేస్ నుంచి ఫోటో సైజు దాకా ప్రతి నిర్ణయమూ దానివెంటే వస్తుంది.

ఇది మనకు కొత్త ఆలోచన కూడా కాదు. ఏనుగుల వీరాస్వామయ్య అని మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, మన కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా కాశీకి పోయి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడుగునా చూసింది చూసినట్టు రాసి మిత్రుడికి పంపాడు, అదే 1838లో అచ్చయింది. ఏ ఊళ్ళో అంగళ్ళు ఉన్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, దారి ఎట్లాంటిది, నీళ్ళ సంగతేంటి, అన్నీ మజిలీ మజిలీకి రాసుకుంటూ పోయాడు. మనసుకు తోచిన ఆలోచనలూ రాశాడు, వెనకాల వచ్చేవాడికి కావలసిన వివరమూ రాశాడు. రెండూ ఒకే చోట, పైన తేదీతో. దాదాపు రెండువందల ఏళ్ళ కింద కాగితం మీద జరిగిన పని ఇది. మన సైటులో ఒక పేజీ అంత పనికిరావాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, టేబుళ్ళకి, అంటే డేటాబేస్‌లో సమాచారం దాచే పట్టికలకి. మామూలుగా అందరూ మొదట ఏం చేస్తారంటే, ‘స్థలం’ అని ఒక టేబుల్, దానికింద ‘రివ్యూ’ అని ఇంకోటి, ఐదు నక్షత్రాలు, ఒక టెక్స్ట్ బాక్సు, అంతే. దీంట్లో ప్రయాణం అన్నది ఎక్కడా లేదు చూడండి. మనిషి ఒక స్థలానికి ఒక రోజున, ఒక దారిన, కొందరితో కలిసి పోయాడు. ఆ పోవడమే మన అసలు యూనిట్. కాబట్టి మూడు టేబుళ్ళు పెట్టండి: స్థలం, ఆ స్థలానికి జరిగిన ప్రయాణం, ఆ ప్రయాణంలో తెలిసిన వివరాలు. ప్రయాణానికి రెండు తేదీలు ఉండాలి, వెళ్ళిన తేదీ ఒకటి, రాసిన తేదీ ఇంకోటి. జనం సంక్రాంతికి పోయొచ్చి ఉగాదికి రాస్తారు, అది సహజం. సరిగ్గా ఏ రోజో గుర్తులేకపోతే నెల చెప్పినా తీసుకోండి, కానీ నెల కూడా లేకుండా మాత్రం వద్దు.

నెల ఎందుకంటే సంగమేశ్వరం తీసుకోండి. నంద్యాల జిల్లాలో, శ్రీశైలం రిజర్వాయరు నీళ్ళలో ఉన్న గుడి. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళ కిందే ఉంటుంది, నీటిమట్టం తగ్గాక ఎండాకాలంలో బయటపడుతుంది. అప్పుడు పోయినవాడు గర్భగుడిలో నిలబడి దండం పెట్టుకుంటాడు, సెప్టెంబరులో పోయినవాడికి చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ కనబడదు. ఇద్దరూ నిజమే రాస్తారు. నెల లేకుండా ఆ రెండు రివ్యూలూ పక్కపక్కన పెడితే చదివేవాడికి ఏం అర్థమవుతుంది? అందుకే సంగమేశ్వరం పేజీ తెరవగానే ‘ఈ నెలలో పోయినవాళ్ళు ఏమన్నారు’ అన్నది అన్నిటికంటే పైన రావాలి. గండికోటకి మే నెల మధ్యాహ్నం పోయినవాడి మాట, డిసెంబరు పొద్దున పోయినవాడి మాట కూడా ఒకటి కావు.

వివరాల టేబుల్ గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే అందరూ దీన్నే వదిలేస్తారు. జనానికి ఖాళీ బాక్సు ఇచ్చి ‘మీ అనుభవం రాయండి’ అంటే ‘సూపర్’, ‘చాలా బాగుంది’ అని రాసి పోతారు. తప్పు వాళ్ళది కాదు, మనం అడగలేదు. చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. ఎట్లా పోయారు, బస్సా, ఆటోనా, సొంత బండా? ఆటోకి ఎంత తీసుకున్నాడు? నీళ్ళు ఎక్కడ దొరికాయి? మెట్లు ఉన్నాయా? టాయిలెట్ ఉందా, వాడుకునేలా ఉందా, ఆడవాళ్ళకి వేరుగా ఉందా? చీకటి పడ్డాక తిరుగు బండి దొరికిందా? ఈ చివరి రెండు ప్రశ్నలూ ఫారమ్‌లో కింద ఎక్కడో అదనంగా పెట్టేవి కావు. ఒక అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్ళతో పోవాలా వద్దా అని తేల్చుకునేది వాటి మీదే. ఇంట్లో అమ్మానాన్న ఒప్పుకునేదీ వాటి మీదే. ఈ గదిలో ఉన్న అమ్మాయిలకి నేను చెప్పక్కర్లేదు. ఆ ప్రశ్నల జాబితా మీరే తయారుచెయ్యండి, మాకంటే మీకే బాగా తెలుసు.

అన్ని ప్రశ్నలూ ఒకరినే అడిగితే పారిపోతారు కాబట్టి ఒక్కొక్కరిని రెండో మూడో అడగండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని జనమే కలిసి కట్టే మ్యాపుకి వివరాలు చేర్చడానికి స్ట్రీట్‌కంప్లీట్ అని ఒక యాప్ ఉంది. అది మీరు నిలబడ్డ చోట మ్యాపులో ఏ వివరం లేదో చూసి, అదే అడుగుతుంది. మనం కూడా అట్లాగే, పేజీలో ఏది ఖాళీగా ఉందో అదే అడగాలి. ప్రతి వివరానికీ చెల్లే కాలం వేరని కూడా గుర్తుపెట్టుకోండి. గుడి ఎవరు కట్టించారన్నది పదేళ్ళయినా మారదు, బస్సు టైము ఆరు నెలలకే మారొచ్చు, ఆటో రేటు ఇంకా ముందే మారొచ్చు. పాతబడ్డ వివరాన్ని తీసేయొద్దు, దాని పక్కన ఎన్ని నెలల కిందటిదో చూపించి, కొత్తగా పోయొచ్చిన మనిషిని ‘ఇది ఇప్పటికీ ఇట్లాగే ఉందా, మారిందా’ అని అడగండి. ఒక్క నొక్కుతో జవాబు రావాలి.

స్థలం టేబుల్లో ఒక చిక్కుంది, అది మన జిల్లాల వాళ్ళకి బాగా తెలుసు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కర్నూలు జిల్లా అని అందరూ రాసుకున్న బెలుం గుహలు, యాగంటి, అహోబిలం, మహానంది నంద్యాల జిల్లాలోకి పోయాయి. అనంతపురం జిల్లా లేపాక్షి, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. పేజీ అడ్రసులో జిల్లా పేరు పెట్టిన సైటుకి ఆ రోజుతో లింకులన్నీ మార్చుకునే పని పడుతుంది. స్థలానికి ఎప్పటికీ మారని ఒక నంబరు ఇవ్వండి. పేరు, జిల్లా, మండలం విడి టేబుళ్ళలో పెట్టి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్న తేదీలతో దాచుకోండి. జనం ఇంకా చాలా ఏళ్ళు ‘కర్నూలు బెలుం గుహలు’ అనే వెతుకుతారు, వాళ్ళకి కూడా పేజీ దొరకాలి.

వెతకడం అంటే గుర్తొచ్చింది, తెలుగులో సెర్చ్ చేయించడం ఇంగ్లీషులో చేయించినంత తేలిక కాదు. గండికోట, గండికోటకు, గండికోటలో, గండికోటనుంచి, ఇవన్నీ కంప్యూటర్ కంటికి వేరువేరు మాటలు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్ సెర్చ్‌కి హిందీ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. అందుకని మాటను మూడేసి అక్షరాల ముక్కలుగా చేసి పోల్చే ట్రైగ్రామ్ పద్ధతితో మొదలుపెట్టండి, విభక్తి చివర్లు తేడాగా ఉన్నా చాలావరకు పట్టుకుంటుంది. ఓర్వకల్లు రాక్‌గార్డెన్ అన్న మాటలో ‘క్’ తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది, పొల్లును పక్క అక్షరంతో అతుక్కోకుండా ఆపేది. కొందరి కీబోర్డు దాన్ని పెడుతుంది, కొందరిది పెట్టదు. అట్లాంటి గుర్తులను ఇండెక్సులోనూ, అంటే వెతకడానికి సైటు దాచుకునే మాటల పట్టికలోనూ తీసేయండి, వెతికే మాటలోనూ తీసేయండి, లేకపోతే ఉన్న పేజీ కూడా లేదని చెబుతుంది. సిద్ధవటం, సిద్దవటం రెండూ ఒకే చోటికి పోవాలి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ళు అయితే ఒకే ఊరిని నాలుగు రకాలుగా రాస్తారు. ప్రతి స్థలానికీ మారుపేర్ల పట్టిక పెట్టి, దొరకని వెతుకులాటలన్నిటినీ ఒక చోట దాచి, వారానికొకసారి మనిషి కూర్చుని చూసి ఆ పట్టికలో చేరుస్తూ పోతే సెర్చ్ మెల్లగా మెరుగవుతుంది. ఓపిక కావాలి, అంతే.

మ్యాపుకి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది, 2004 నుంచి జనం కట్టుకుంటూ వస్తున్న మ్యాపు. వాళ్ళ పేరు చూపించి, షరతులు పాటిస్తే వాడుకోవచ్చు. తెరమీద చూపించడానికి లీఫ్‌లెట్ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీ చాలు. దూరాలు లెక్కపెట్టడానికి పోస్ట్‌గ్రెస్‌లో పోస్ట్‌జీఐఎస్ అనే అదనపు భాగం చేర్చుకుంటే ‘ఇక్కడికి ఇరవై కిలోమీటర్లలో ఏమున్నాయి’ అన్న ప్రశ్నకి క్షణంలో జవాబు ఇస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త, అది గండికోటే నేర్పుతుంది. కోట అంచున నిలబడితే అవతలి గట్టు కొన్ని వందల అడుగుల్లోనే ఉన్నట్టు ఉంటుంది, మధ్యలో నిట్టనిలువు లోయ. గీత గీసి కొలిచే లెక్క ప్రకారం అవతల ఉన్నదంతా ‘దగ్గర్లోనే’. రోడ్డు మీద పోవాలంటే ఎంత చుట్టు తిరగాలో జమ్మలమడుగు వాళ్ళనడగండి. నల్లమల కొండల్లోనూ, కృష్ణకి ఇటూ అటూ ఊళ్ళలోనూ ఇదే కథ. కాబట్టి ముందు గీత దూరంతో వడపోసి, మిగిలినవాటికి ఓఎస్ఆర్ఎమ్ లాంటి, దారి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌తో రోడ్డు సమయం తీసి, దాని ప్రకారమే వరస పెట్టండి.

ఫోటోల గురించి త్వరగా చెప్పి ముందుకు పోతాను. ఫోన్ ఫోటో ఒకటి మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది, దాన్ని అట్లాగే పంపమంటే ఒక్క గీత సిగ్నల్ ఉన్న పల్లెలో మనిషి విసిగిపోతాడు. బ్రౌజరులోనే చిన్నది చేసి పంపండి. బెలుం గుహల సంగతి ఇంకా వేరు. కనుక్కున్నంత వరకు 3,229 మీటర్ల పొడవు, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మనల్ని పోనిస్తారు, పాతాళగంగ దాకా దిగాక సిగ్నలూ ఉండదు, జీపీఎస్ కూడా అందదు. అక్కడ తీసిన ఫోటోకి లొకేషన్ ఉండదు. అక్కడ రాసుకున్న మాటలు బయటికొచ్చేదాకా ఫోన్లోనే భద్రంగా ఉండాలి. నెట్ లేకున్నా పేజీని నడిపించే సర్వీస్ వర్కర్, బ్రౌజరులోనే రాతలు దాచే ఇండెక్స్‌డ్‌డీబీ నేర్చుకుని వాడండి. నెట్ లేని చోట రాసింది పోకుండా ఉండటం మన సైటుకి చివర్లో పెట్టుకునే హంగు కాదు, మొదటి వారం చెయ్యాల్సిన పని. మనం చెప్పుకునే మంచి చోట్లు చాలావరకు సిగ్నల్ సరిగా లేనివే.

నక్షత్రాల దగ్గరికి వద్దాం. ఒక హోటల్‌కి ఒకే ఒక్కరు ఐదు ఇచ్చారు. ఇంకో హోటల్‌కి రెండువందల మంది ఇచ్చారు, సగటు 4.6. మామూలు సగటు పెడితే మొదటిది పైకొస్తుంది, అది న్యాయం కాదు. ప్రతి హోటల్‌కీ ముందే సైటు సగటుతో, నాలుగు అనుకుందాం, పది ఓట్లు ఉన్నట్టు లెక్కేసుకోండి. అప్పుడు మొదటిది సుమారు 4.09 అవుతుంది, రెండోది 4.57 దగ్గర నిలుస్తుంది. ఓట్లు పెరిగేకొద్దీ ఆ ఊహించిన పది ఓట్ల బరువు తగ్గిపోతుంది. బేయేసియన్ సగటు అంటారు, రాయడం రెండు లైన్ల పని. పాత ఓటు కంటే కొత్త ఓటుకి బరువెక్కువ ఇస్తే ఇంకా మంచిది, వంటమాస్టరు మారితే హోటల్ మారినట్టే.

కానీ నక్షత్రాలు హోటళ్ళకీ లాడ్జిలకీ బండ్లకీ మాత్రమే పెట్టండి. గుడికి, దర్గాకి పెట్టొద్దు. ఉగాదికి దేవుని కడపకి ముస్లిం కుటుంబాలు వచ్చి మొక్కుకుంటాయి, కడపలోని పెద్ద దర్గాకి అన్ని మతాల వాళ్ళూ పోతారు. అక్కడికి పోయొచ్చిన మనిషి మనసులో ఉన్నదానికి ఐదుకి మూడున్నర అని అంకె వెయ్యడం నాకు ససేమిరా నచ్చదు. పార్కింగ్ ఎట్లా ఉంది, క్యూ ఎంతసేపు, చెప్పులు ఎక్కడ పెట్టాలి, ముసలివాళ్ళకి దారి ఉందా, వీటికి అంకెలు వెయ్యండి, ఎంత ఖచ్చితంగా కావాలంటే అంత. భక్తి గురించి రాయాలనుకునేవాళ్ళు మాటల్లో రాస్తారు, చోటు ఇవ్వండి.

దొంగ రివ్యూలు తప్పకుండా వస్తాయి. సమీక్షలు ఎట్లా సేకరించాలి, ఎట్లా పరిశీలించాలి, ఎట్లా ప్రచురించాలి అన్నదాని మీద భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది, చదవండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు వస్తే 24 గంటల్లో అందిందని చెప్పాలి, నిబంధనల్లో ఉన్న గడువులోగా తేల్చాలి. మనది చిన్న సైటే కదా అని వదిలెయ్యొద్దు, ఆ పనికి ఒక మనిషి పేరు మొదటి రోజే పెట్టుకోండి. పోతే, మన పద్ధతిలో దొంగరాతకి ఒక సహజమైన అడ్డు ఉంది. ‘చాలా బాగుంది’ అని ఇంట్లో కూర్చుని ఎంతమందైనా రాయొచ్చు, కానీ ఆటో ఎక్కడ ఆగింది, మెట్లు ఎన్ని చోట్ల విరిగాయి అన్నది పోకుండా రాయడం కష్టం. రాసినా తర్వాత పోయినవాళ్ళు ‘అట్లా లేదు’ అని నొక్కుతారు.

అన్నీ పంచుకోవాలన్న ఉత్సాహంలో ఒకటి మరచిపోకూడదు, కొన్ని చోట్లు అందరికీ చెప్పకూడనివి. కలివికోడి అని మన లంకమల అడవుల్లో ఉండే పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో మన కడప జిల్లాలోనే మళ్ళీ కనబడింది. ఎవరైనా దాన్ని చూసి లొకేషన్ పెట్టారనుకోండి, వారంలో బండ్లు వేసుకుని జనం పోతారు, ఉన్న కాస్త చోటూ పాడవుతుంది. పక్షులు చూసేవాళ్ళ ఈబర్డ్ సైటు ఇట్లాంటి కొన్ని జాతుల చోటు బయటికి చూపించదు. మనం కూడా స్థలం టేబుల్లో ఒక కాలమ్ పెట్టుకోవాలి, ఈ చోటు ఖచ్చితంగా చూపించొచ్చా, సుమారుగా చూపించాలా, అసలు చూపించకూడదా అని. కేతవరం దగ్గర బండల మీద ఆదిమానవుల బొమ్మలు ఉన్నాయి, వాటికి కాపలా మనిషి లేకపోతే సుద్దతో పేరు రాయడానికి ఒక్క నిమిషం చాలు. ఫోటోలో దాగున్న జీపీఎస్ అంకెలు కూడా బయటికి పంపే ముందు చెరిపెయ్యండి. సర్వర్లో మనకోసం ఉంచుకోవాలంటే రాసినవాళ్ళని అడిగి ఉంచుకోండి. ఆ అంకెలు ఆ మనిషి ఇల్లు ఎక్కడో కూడా చెప్పేస్తాయి.

ఇక అందరూ అడిగేది, మొదట్లో ఎవరూ రాయరు కదా అని. నిజమే, ఖాళీ సైటుకి ఎవరూ రారు. అందుకని దేశమంతా అని మొదలుపెట్టొద్దు. ఆంధ్రప్రదేశ్ అంతా అని కూడా వద్దు. కడప, సిద్ధవటం, ఒంటిమిట్ట, పుష్పగిరి, గండికోట, ఈ ఐదూ తీసుకోండి. ఒక్కొక్కటీ నిండుగా చెయ్యండి. ఐదు చోట్ల గురించి ఎవరు ఏం అడిగినా జవాబున్న సైటు, ఐదువేల పేర్లున్న ఖాళీ సైటు కంటే ఎన్నో రెట్లు పనికొస్తుంది. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం రాత్రి పూట వెన్నెల్లో జరుగుతుంది, ఆ రాత్రి కడప వైపు తిరుగు బస్సులు ఎట్లా ఉంటాయో ఒక్క పేజీలో సరిగ్గా పెట్టండి చాలు, ఆ వారంలో మీ సైటు పేరు ఊరంతా తెలుస్తుంది.

రాసేవాళ్ళని ఎక్కడ వెతకాలి? ఫోన్లో రాసే అలవాటున్న కుర్రాళ్ళు ఎట్లాగూ వస్తారు. అసలు తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు, ఆటో అన్నలు, కోట ముందు టీ అంగడి నడిపే అక్క, బస్సు కండక్టరు, గుడి దగ్గర పూలమ్మే పెద్దమ్మ. ఏ నెలలో ఎంత జనం, ఏ దారి తెగింది, అన్నీ వాళ్ళకి తెలుసు. వాళ్ళు టైపు చెయ్యరు, మాట్లాడతారు. తెలుగు మాటను రాతగా మార్చే సాధనాలు ఇప్పుడున్నాయి, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి ఒకటి, ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ వాళ్ళు విడుదల చేసిన మోడళ్ళు కొన్ని. మన యాసకి తప్పులు వస్తాయి, కాబట్టి గొంతు కూడా దాచిపెట్టి, మార్చిన రాతను ఒక మనిషి చూసి సరిచెయ్యాలి. పేజీలో ఆ గొంతు వినే బటన్ పెట్టండి. చదవలేని మనిషి కూడా గండికోటకి పోతాడు కదప్పా, వాళ్ళకీ సైటు కావాలి.

డబ్బులెట్లా అని ముందు వరసలో తమ్ముడు అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. మొదట్లో ఖర్చు పెద్దగా ఉండదు, చిన్న సర్వరు, ఫోటోలు పెట్టుకోవడానికి చోటు. తర్వాత హోమ్‌స్టేలు, గైడ్లు, బండ్లవాళ్ళు తమ పేరు నమోదు చేసుకోవడానికి కొంత తీసుకోవచ్చు. కానీ డబ్బు కట్టిన జాబితా వేరు, అనుభవాల వరస వేరు. ఆ రెండూ కోడ్‌లో కూడా ఒకదాన్నొకటి ముట్టుకోకూడదు, ఏ రూపాయీ ఏ రివ్యూనీ పైకి జరపకూడదు. అది ఒక్కసారి జరిగిందని తెలిస్తే టీ అంగడి అక్క మనకు మళ్ళీ నిజం చెప్పదు.

జనం ఇచ్చింది జనానిదే అన్నది కూడా ముందే రాసిపెట్టుకోండి. పనోరమియో అని ఉండేది, 2005లో పుట్టింది, లోకంలో ఏ మూల ఫోటో అయినా మ్యాపు మీద పెట్టుకునేవాళ్ళు, గూగుల్ 2007లో కొంది, 2016లో మూసేసింది. ఎంతమంది ఎన్నేళ్ళు శ్రద్ధగా పెట్టారో ఆ ఫోటోలు! మనది ఎన్నాళ్ళు నడుస్తుందో ఈ రోజు ఎవరం చెప్పలేం. అందుకే ప్రతి మనిషీ తను రాసింది, తన ఫోటోలు, ఒక నొక్కుతో దించుకునేలా మొదటి వెర్షన్‌లోనే పెట్టండి. స్థలాల వివరాలు, షరతులతో ఎవరైనా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంచితే మనం ఆపేసినా ఇంకొకరు అందుకుంటారు. వికీవాయేజ్ అనే ప్రయాణ గైడ్ సైటు 2013లో, వికీపీడియాను నడిపే వికీమీడియా కిందికి రాగలిగిందంటే, అంతకుముందు వికీట్రావెల్ అనే పాత సైటులో రాసినదంతా అట్లాంటి లైసెన్సు కింద ఉండబట్టే.

టీ వచ్చినట్టుంది. తాగేసి ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు ఇక్కడే ఉండండి, సిద్ధవటం కోట పేజీతో మొదలుపెడదాం. మీలో ఈ మధ్య పోయొచ్చినవాళ్ళు ముందుకు రండి. ఏ నెలలో పోయారు, కడపలో ఎక్కడ బస్సెక్కారు, కోట గేటు దగ్గర నీళ్ళున్నాయా, అమ్మాయిలు ఎన్నింటికి తిరిగొచ్చారు, ఇవి ముందు రాద్దాం, ఫోటోలు తర్వాత.